కార్వాన్ దారిలో థగ్గులు

ముక్కూ మొహం తెలియని మనిషితో ముందు స్నేహం చేసి, నమ్మకం కుదిరాక ప్రాణం తీసి సొమ్ము దోచుకునే నేరాన్ని పందొమ్మిదో శతాబ్దపు రికార్డులు థగ్గీ అన్నాయి. ఆ పని చేసేవాళ్లు థగ్గులు. దక్షిణాదిలో వారికి ఫాంసీగర్లని పేరు. తెలుగువాళ్లు ఉరులు వేసేవాళ్లని చెప్పుకునేవారు. నిజాం రాజ్యంలోని పెద్ద బాటలన్నీ వారు తిరిగిన దారులే. హైదరాబాద్ లాంటి నగరాలు వారికి వేట మొదలయ్యే చోటూ, దోచినది అమ్ముడుపోయే చోటూ. ఫోన్లో పరిచయమైన మనిషి చేతిలో ఎవరైనా హతమైతే ఇవాళ్టి పోలీసులకు మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది: హంతకుడికీ హతుడికీ మధ్య పాత పగ లేదు, బంధుత్వం లేదు, ఒకే ఊరు కూడా కాదు. సరిగ్గా ఈ చిక్కే రెండు వందల ఏళ్ల కిందట హైదరాబాద్ నుంచి నాలుగు దిక్కులకూ పోయే దారుల మీద ఎదురైంది. అప్పట్లో దాన్ని విప్పిన తీరు దేశంలో నేరపరిశోధనకు వేసిన తొలి బాటల్లో ఒకటి.

ఇప్పుడు పాతబస్తీ అంటున్న భాగం అప్పటి గోడ లోపలి నగరం. మూసీకి దక్షిణాన చార్మినార్ చుట్టూ పెరిగిన ఆ నగరానికి ప్రాకారం, దర్వాజాలు ఉండేవి. వాటిలో పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే నేటికీ నిలిచి ఉన్నాయి. బాటసారి లోకం ఎక్కువగా గోడ బయటే. 1578లో కట్టిన పురానాపూల్ దాటి గోల్కొండ వైపు నడిస్తే వచ్చేది కార్వాన్: సాహుకార్లు, దళారులు, బిడారుల పేట. పదిహేడో శతాబ్దం నడుమ ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే ఈ శివారును చూసి రాశాడు. నగరం లోపల ఉండేది రాచకొలువువాళ్లు, అధికారులు, సైనికులేననీ, వర్తకులూ పనివాళ్లూ శివారులోనే ఉంటారనీ, పగలు లోపలికి వచ్చి బేరాలు ముగించుకుని సాయంత్రానికి తిరిగి వెళతారనీ చెప్పాడు. అక్కడి కొన్ని మసీదులు పరదేశులకు సరాయిలుగా కూడా ఉపయోగపడుతున్నాయన్నాడు. పురానాపూల్ దగ్గరి మియా మిష్క్ మసీదు చుట్టూ, మచిలీపట్నం దారిలో హయత్‌నగర్ మసీదు చుట్టూ కట్టిన గదుల వరసలు, షేక్‌పేట సరాయి ఆ ఏర్పాటుకు సాక్ష్యాలు.

సరాయి అంటే రాత్రికి తలదాచుకునే గది మాత్రమే కాదు. ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు, వెంట ఎంతమంది ఉన్నారు, మూటలో ఏముంది అన్న కబుర్లన్నీ తెలిసిపోయే చోటు. తోడు దొరికేదీ అక్కడే. ఒంటరిగా నడవడం ప్రమాదమని అందరికీ తెలుసు కాబట్టి ప్రతి బాటసారీ తోడు కోసం చూస్తాడు. థగ్గుల పని మొత్తం ఈ భయం మీదే నడిచింది. దారిదొంగలున్నారని హెచ్చరించి, కలిసి పోదాం రమ్మనేవాడే వారి మనిషి.

ఆ రోజుల్లో తెలుగువాళ్ల ప్రయాణం ఎలా ఉండేదో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చూడాలి. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి కడప, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. వెంట బోయీలు, నౌకర్లు, బంధువులతో పెద్ద పరివారమే నడిచింది. అంత బలగం కూడగట్టుకోగలిగిన వారికి దారి కొంత భద్రం. నలుగురైదుగురు కలిసి పోయే యాత్రికులకు, సెలవు మీద ఇంటికి పోయే సిపాయిలకు, సాహుకారు డబ్బు మోసుకుపోయే మనుషులకు ఆ రక్షణ లేదు. వీరాస్వామయ్య నడిచిన హైదరాబాద్–నాగపూర్–జబల్‌పూర్ బాటలోనే ఆ ఏళ్లలో థగ్గులు శవాలు పాతిన చోట్లు బయటపడుతూ వచ్చాయి.

దళం కట్టుబాటు ఒక పద్ధతి ప్రకారం ఉండేది. నాయకుడు జమేదారు. ముందుగా పోయి బాటసారిని మాటల్లో దింపేవాడు సోఠా. దళానికి ఇతడే ప్రాణం. మెడకు రుమాలు బిగించేవాడు భుర్తోటే. గుంత తవ్వి పూడ్చేవాడు లుఘా. తమలో తాము మాట్లాడుకునే రహస్య భాషకు రామసీ అని పేరు. వేటాడదగిన బాటసారిని ఆ భాషలో బనిజ్, అంటే సరుకు, అనేవారు. చంపి పాతేందుకు ఎంచుకున్న చోటు బేలే. మామిడితోపులు, వాగు ఒడ్లు, ఊరికి దూరంగా నీడ ఉన్న మజిలీలు అందుకు పనికొచ్చేవి.

సోఠా వేషం ఎదుటివాణ్ని బట్టి మారుతుంది. ముస్లిం ప్రయాణికుడి దగ్గరికి మర్యాదస్తుడైన ముస్లిం, హిందూ యాత్రికుల దగ్గరికి నుదుట బొట్టుతో హిందువు వెళతాడు. ఒకసారి వర్తకుడు, మరోసారి కొలువు వెతుక్కునే సిపాయి. దళంలో కుర్రవాళ్లు, సరుకు మోసే ఎడ్లు కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు. ఒక సోఠాను నమ్మకపోతే అతడు తప్పుకుంటాడు. మరుసటి మజిలీలో అతనితో ఏ సంబంధమూ లేనట్టు ఇంకొక గుంపు ఎదురవుతుంది. రోజులు, ఒక్కోసారి వారాలు కలిసి నడిచేవారు. కలిసి వండుకుని, కథలు చెప్పుకుని, సితార్ వాయించుకుని నడిచిన తర్వాత, ముందే ఎంచుకున్న చోట నాయకుడు పొగాకు తెమ్మనడం వంటి మామూలు మాట ఒకటి అంటాడు. అదే సంకేతం. అప్పటికే ఒక్కొక్క బాటసారి వెనుక ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటారు.

నిజాం రాజ్యంలోని జాల్నా దండులో ఒక ఇంగ్లీషు సేనాని దగ్గర కొలువు చేసిన మున్షీ హత్య ఈ పద్ధతి ఎంత కర్కశమో చెబుతుంది. కుటుంబంతో ఉత్తరాదికి పోతుండగా థగ్గులు తోడయ్యారు. సాయంత్రం గుడారం దగ్గర కూర్చుని సంగీతంతో పొద్దుపుచ్చినవాళ్లే అతణ్నీ, అతని భార్యనూ, నౌకర్లనూ చంపారు. పసిబిడ్డను ప్రాణంతోనే గుంతలో పూడ్చారని అప్రూవర్లు, అంటే పట్టుబడి సర్కారు సాక్షులుగా మారిన థగ్గులు, తర్వాత వాంగ్మూలమిచ్చారు. ఆడవాళ్లను చంపరాదనీ, చాకళ్లు, భట్రాజులు వంటి కొన్ని కులాలవారి జోలికి పోరాదనీ థగ్గులకు నియమాలున్నట్టు పుస్తకాలు చెబుతాయి. సొమ్ము కనబడ్డచోట, సాక్షి మిగిలే ప్రమాదం ఉన్నచోట అవి ఎంతమాత్రం నిలిచాయో ఈ కేసే చూపిస్తుంది.

చాలాకాలం ఈ హత్యలు బయటపడకపోవడానికి కారణం దూరం. తమ ఊరి దగ్గర హత్య చేయకూడదన్న నియమాన్ని థగ్గులు మిగతా అన్నిటికంటే గట్టిగా పాటించారు. హతుడు దూరదేశపు మనిషి. ఇంటికి చేరవలసిన రోజు దాటి నెలలు గడిచినా కలరా వచ్చిందేమో, వరద అడ్డొచ్చిందేమో అని ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తూనే ఉండేవారు. శవం దొరకదు. ఫిర్యాదు చేయాలన్నా ఏ ఊళ్లో, ఎవరికి? నిజాం ఏలుబడిలో జాగీర్లు, సంస్థానాలు, సర్కారు తాలూకాలు అడుగడుగునా కలగలిసి ఉండేవి. ఒక పొలిమేర దాటితే మరో అధికారి. నగరంలో కొత్వాలు అధికారం దర్వాజాల చుట్టుపక్కలకే పరిమితం. దోపిడీలో వాటా తీసుకుని దళాలకు నీడనిచ్చిన జమీందార్లూ, పాళెగాళ్లూ తక్కువేమీ కాదు.

ఉరి విసిరి చంపే దొంగల గురించి పాత ప్రస్తావనలు ఉన్నాయి. గోల్కొండ రాజ్యాన్నీ చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, 1660లలో ఢిల్లీ–ఆగ్రా బాటలో మెడకు జారుముడి వేసే దొంగలున్నారనీ, జుట్టు విరబోసుకుని ఏడుస్తూ కూర్చున్న అందగత్తెను ఎరగా వాడుకుంటారనీ రాశాడు. అయితే అధికారులు మనుషుల్ని పట్టుకుని విచారించి, వారి పద్ధతిని కాగితం మీద పెట్టినది మొదట దక్షిణాదిలోనే. 1807లో చిత్తూరు, ఆర్కాటు మధ్య ఒక ఫాంసీగర్ల దళం పట్టుబడింది. చిత్తూరు మేజిస్ట్రేటు రైట్ ఆ తర్వాతి ఏళ్లలో వారి గుట్టు రాబట్టాడు. ఆ సమాచారం ఆధారంగా మద్రాసులోని వైద్యుడు రిచర్డ్ షెర్వుడ్ 1816లో ఒక వ్యాసం ప్రకటించాడు. తెలుగులో వారిని ఏమంటారో వినిపించినట్టు రాసిపెట్టినది ఆయనే. థగ్గీ అనగానే నర్మదా తీరం, జబల్‌పూర్ గుర్తుకు రావడం పరిపాటి అయింది గానీ, ఈ కథలో తొలి పేజీ చిత్తూరు జిల్లాది. 1810లోనే మేజర్ జనరల్ సెయింట్ లెజర్ సిపాయిలకు ఉత్తర్వు ఇచ్చాడు: సెలవు మీద పోయేటప్పుడు నగదు వెంట ఉంచుకోవద్దనీ, దారిలో తోడొచ్చేవారితో జాగ్రత్తగా ఉండాలనీ.

హైదరాబాద్ రాజ్యంలో ఈ నేరం జాడ పట్టబోయినవాడు ఫిలిప్ మెడోస్ టేలర్. 1808లో లివర్‌పూల్‌లో పుట్టి, పదిహేనేళ్ల వయసులో బొంబాయి వర్తకుడి కొట్లో పనికని 1824లో వచ్చి, ఆ ఏడే నిజాం సైన్యంలో చేరాడు. దక్కనీ భాష బాగా నేర్చుకున్నాడు. 1820ల చివర రాజ్యపు నైరుతి జిల్లాలో పోలీసు బాధ్యత చూస్తుండగా, దారుల పక్కన ఉరిబిగిసిన శవాలు కనిపించిన వార్తలు అతని చెవిన పడ్డాయి. విచారణ ముందుకు సాగకముందే తిరిగి సైనిక విధులకు రమ్మని ఉత్తర్వు వచ్చింది. ఇంకొంతకాలం అక్కడే ఉండనిచ్చి ఉంటే థగ్గీని బయటపెట్టినవాణ్ని తానే అయ్యేవాణ్నన్న బాధను చాలా ఏళ్ల తర్వాత స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. 1832లో హైదరాబాద్ బ్యాంకరు విలియం పామర్ కూతుర్ని పెళ్లాడాడు. ఆ విధంగా బ్రిటిష్ రెసిడెన్సీ లోకం, సాహుకార్ల లోకం, దేవిడీల లోకం మూడూ అతనికి దగ్గరగా తెలుసు.

టేలర్ రాసిన హింగోలి ఉదంతం మొత్తం థగ్గీ సాహిత్యంలో ప్రత్యేకంగా నిలుస్తుంది. హింగోలి నిజాం రాజ్యంలోని దండు. ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. అక్కడి బజారులో హరిసింగ్ అనే వర్తకుడికి మంచి పేరుంది. టేలర్‌కు కూడా అతను తెలిసినవాడే. ఒకసారి బొంబాయి నుంచి బట్టల సరుకు తెచ్చుకుంటానని అతను అనుమతి పత్రం అడిగాడు. పక్క ఊరి వర్తకుడొకడు అలాంటి సరుకే తెస్తున్నాడని అతనికి ముందే తెలుసు. పత్రం చేత పట్టుకుని దారిలో ఆ వర్తకుణ్ని కలుసుకుని, అతణ్నీ పరివారాన్నీ చంపి, సరుకును అదే పత్రం మీద దర్జాగా హింగోలికి తెచ్చి దండులో బాహాటంగా అమ్మాడు. దండు కాపలా చోటుకు కొద్ది దూరంలోనే, ఆ బజారులోనే హత్యలు జరిగాయనీ, శవాలు పాతిన గుంతలు తవ్వగా తాను కళ్లారా చూశాననీ టేలర్ రాశాడు. హరిసింగ్ దొరికాక తానే ఒప్పుకోకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. సర్కారు ముద్ర ఉన్న కాగితమే హంతకుడికి దొంగ గుర్తింపునిచ్చింది.

మధ్య భారతంలో థగ్గుల జాడ పట్టే పనిని చివరిదాకా నడిపినవాడు విలియం హెన్రీ స్లీమన్. గవర్నర్ జనరల్ బెంటింక్ కాలంలో 1830 నుంచి వేట ముమ్మరమైంది. 1835లో స్లీమన్ థగ్గీ అణచివేత శాఖకు జనరల్ సూపరింటెండెంట్ అయ్యాడు. పట్టుబడ్డ ఫిరంగియా అనే నాయకుడు అప్రూవర్‌గా మారడం పెద్ద మలుపు. సలోహదా అనే ఊరి తోపులో స్లీమన్ గుడారం వేసుకున్న చోటే శవాలున్నాయని అతను చెప్పాడు; తవ్వితే నిజంగానే బయటపడ్డాయి.

స్లీమన్ పనితీరులోని కొత్తదనం కత్తుల్లో లేదు, కాగితాల్లో ఉంది. ఒక్కొక్క అప్రూవరును విడిగా కూర్చోబెట్టి, ఏ ఏడాది ఏ దారిలో ఎవరెవరు పోయారు, ఎవర్ని ఎక్కడ చంపారు అన్నది రాయించాడు. ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరిచూశాడు. గుంత తవ్వించి ఎముకలతో సరిచూశాడు. తప్పిపోయినవారి బంధువులను వెతికించి, దొరికిన వస్తువులను గుర్తుపట్టించాడు. థగ్గు కుటుంబాలకు వంశవృక్షాలు గీయించాడు. అవధ్ రాజ్యపు దారుల పటంలో 274 బేలేలు గుర్తించారు. 1836లో అచ్చయిన ‘రామసీయానా’లో వారి రహస్య భాషకు నిఘంటువుతో పాటు అప్రూవర్లతో సంభాషణలూ ఉన్నాయి. వాటిలో ఆర్కాటు, తెలంగాణా దళాలను ఉత్తరాదివాళ్లు తమకంటే వేరుగా చెప్పుకోవడం కనిపిస్తుంది. వేర్వేరు రాజ్యాల్లో, వేర్వేరు ఏళ్లలో మాయమైన మనుషులను ఒకే దళంతో ముడిపెట్టగలగడం అంతకుముందు ఏ కొత్వాలుకూ సాధ్యం కానిది.

హైదరాబాద్‌లో ఈ బాధ్యత కెప్టెన్ రేనాల్డ్స్‌ది. నిజాం నాసిరుద్దౌలా కాలం అది. రాజ్యవ్యవహారం పేష్కారు మహారాజా చందూలాల్ చేతిలో ఉండేది. కోఠీలోని రెసిడెన్సీలో కర్నల్ స్టువర్ట్ రెసిడెంటు. సంస్థానాల్లో పట్టుబడ్డ థగ్గుల విచారణలు రెసిడెంట్ల ఎదుటే జరిగాయి. 1831 నుంచి 1837 వరకు దేశమంతటా పట్టుబడినవారి లెక్కను రేనాల్డ్స్ టేలర్‌కు ఇచ్చాడు. మొత్తం 3,266 మంది. వారిలో 412 మందిని ఉరితీశారు. 1,059 మందిని పెనాంగ్‌కు ద్వీపాంతరం పంపారు. 483 మంది అప్రూవర్లయ్యారు. 936 మంది విచారణ కోసం జైళ్లలో ఉన్నారు. పేర్లు తెలిసి కూడా దొరకనివారు ఇంకా 1,800 మందికి పైనే.

ఈ అంకెల వెనుక ఉన్న చట్టాన్ని కూడా చూడాలి. 1836 నాటి 30వ చట్టం ప్రకారం ఫలానా హత్య చేశాడని రుజువు చేయనక్కరలేదు. థగ్గు దళంలో ఎప్పుడైనా ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ కఠినశిక్ష. నేరం ఈస్టిండియా కంపెనీ సరిహద్దుల వెలుపల జరిగినా అది వర్తిస్తుంది. దళంలో ఉన్నాడని చెప్పే సాక్షి ఎక్కువగా తన మెడ మీది ఉరి తప్పించుకోవాలనుకునే అప్రూవరే. ఆ వాంగ్మూలాల్లో ఎంత నిజం, ఎంత ప్రాణభయం అన్న ప్రశ్నను చరిత్రకారులు గట్టిగానే వేశారు. హీరాలాల్ గుప్తా 1959లోనే థగ్గీ అనాదిగా వచ్చిన కాళీ ఆరాధకుల వ్యవస్థ అన్న కథను ప్రశ్నించాడు. రాధికా సింఘా ఆ చట్టం న్యాయసూత్రాలను ఎలా వంచిందో చూపింది. కిమ్ వాగ్నర్ 2007 నాటి పుస్తకంలో దీన్ని కొలువులు పోయిన సైనికులు, జమీందార్ల అండ, కరువు రోజుల బతుకుతెరువు నడుమ పెట్టి చదివాడు. చనిపోయినవారు లక్షల్లో ఉన్నారన్న తర్వాతి రచనల మాటకు గట్టి ఆధారం లేదు. గుంతల్లో దొరికిన ఎముకలు మాత్రం కల్పన కాదు. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో ఉంచుకోకుండా ఈ చరిత్రను న్యాయంగా చదవలేం.

టేలర్ తన పరిశోధనను నవల చేశాడు. 1839లో లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’లో అమీర్ అలీ అనే అప్రూవరు తన జీవితాన్ని ఒక దొరకు చెబుతాడు. 719 హత్యల్లో పాలుపంచుకున్నానంటాడు. కథలో ముఖ్యమైన భాగం హైదరాబాద్‌లో నడుస్తుంది: చార్మినార్ వీధులు, ఆయుధాలు ధరించి తిరిగే జనం, నాట్యకత్తె జోరా, దోచిన సొమ్ము బేరాలు. నగరాన్ని అంత దగ్గరగా పట్టుకున్న ఇంగ్లీషు నవల అంతకుముందు లేదు. ఎడ్గార్ అలన్ పో తొలి డిటెక్టివ్ కథ 1841లో వచ్చింది. దానికి రెండేళ్ల ముందే హైదరాబాద్ సైనికోద్యోగి ఒకడు హంతకుడి నోటితోనే హత్యల గుట్టు విప్పించాడు. అయితే థగ్గుల్లో సగటు మనిషి అమీర్ అలీ అంత వాక్చాతుర్యం ఉన్నవాడని పాఠకుడు నమ్మేశాడు. ఇంగ్లండులో థగ్గు బొమ్మ ఈ నవలే గీసింది. తర్వాతి పుస్తకాలూ సినిమాలూ దానికే రంగులద్దాయి.

1839 నుంచి స్లీమన్ శాఖకు దోపిడీ దళాల పని కూడా అప్పగించారు. థగ్గీ అండ్ డెకాయిటీ డిపార్ట్‌మెంట్ అయింది. రుమాలు హత్యలు తగ్గేకొద్దీ దారుల మీద ఉమ్మెత్త విషం ఎక్కువైంది. తోడొచ్చినవాడు వండిపెట్టిన అన్నంలోనో, ఇచ్చిన మిఠాయిలోనో ఉమ్మెత్త గింజల పొడి ఉండేది. దీనికి పెద్ద దళం అక్కర్లేదు, ఒక్కడు చాలు. అందుకే పట్టుకోవడం మరింత కష్టమైంది. బ్రిటిష్ జిల్లాల్లో 1860లలో మామూలు పోలీసు వ్యవస్థ ఏర్పడ్డాక ఈ శాఖ పని హైదరాబాద్ వంటి సంస్థానాలకు పరిమితమైంది. అదే దశాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ జిల్లాబందీతో, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించడంతో, పాటు నిజాం రాజ్యంలోనూ జిల్లా పోలీసును నిలబెట్టాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1880 నుంచి తపాలా మనియార్డర్లు మొదలయ్యాయి. నెలల తరబడి కాలినడకన పోయే ప్రయాణమూ, నడుముకు కట్టుకున్న నగదూ తగ్గిపోయాయి. థగ్గీని అణచినది స్లీమన్ ఒక్కడే అన్న మాటలో ఈ మార్పుల వాటా మరుగున పడిపోతుంది.

పుట్టుకను బట్టి నేరస్థుణ్ని గుర్తించవచ్చన్న ఆలోచన కూడా స్లీమన్ గీయించిన వంశవృక్షాల నుంచి బలపడింది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం హత్యతో ఏ సంబంధమూ లేని సంచార కులాలను తరాల తరబడి హాజరు పట్టీల్లోకి ఎక్కించింది. ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు. స్లీమన్ పద్ధతిలోని మంచిని మెచ్చుకునే పుస్తకాలు ఈ భాగాన్ని దాటేయడం అన్యాయం.

థగ్గీ అండ్ డెకాయిటీ డిపార్ట్‌మెంటును 1904లో రద్దు చేసి, దాని స్థానంలో కేంద్ర నేర సమాచార శాఖను ఏర్పాటు చేశారు. నేటి ఇంటెలిజెన్స్ బ్యూరోకు పూర్వరూపాల్లో ఆ కొత్త శాఖ ఒకటి.